పందికి ఈత కష్టమైనచో మరుచూలు సంగతి ఏమి?



నిన్న ఈ గ్రామమునకు వచ్చుచు దారిలో ఒక పెంపకందారుని దొడ్డి వద్ద ఆగితిమి. ఆయన తన ఆడపందిని సంతకు తోలుటకు సిద్ధపడుచుండెను. "రెండుమాట్లు దాటించానండీ, రెండుమాట్లూ తిరిగి ఎదకొచ్చింది. ఇక గొడ్డుపోయినట్టేనండీ" అనెను. క్రిందటి ఈత ఎట్లు జరిగినదని అడిగితిమి. దీపాలవేళ మొదలై తెల్లవారువరకు సాగినదట. నడుమ ఎవరో చేయి పెట్టి ఒక పిల్లను లాగిరట. మాయ పడినదా యని అడుగగా ఆయన మౌనము వహించెను.

మేము పశువైద్యులము కాము. వారివలన తెలిసికొన్నదానిని మీకు అందజేయుట మా పని.

పంది సుమారు 114 దినములు చూలు మోయును. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములని గుర్తుంచుకొన్నచో మరపు రాదు. ఆవులతో, గేదెలతో పోల్చినచో పందికి ఈత సులువు. అందువలననే కాబోలు, ఈనుచున్న పంది వద్ద కూర్చుండువారు అరుదు! పిల్లకును పిల్లకును నడుమ సాధారణముగా పావుగంట, ఇరువది నిమిషములు పట్టును. తల్లి ముక్కుచున్నను ముప్పావుగంటవరకు పిల్ల బయటపడనిచో వెంటనే పశువైద్యునికి కబురంపవలెను. పిల్ల అడ్డము తిరిగియుండవచ్చును, రెండు పిల్లలు ఒకేసారి దారిలో ఇరుకుకొనవచ్చును, లేదా తల్లి అలసి గర్భసంచి ముడుచుకొనుట మానియుండవచ్చును. చూలులో మితిమీరి క్రొవ్వినను, మలబద్ధకము కలిగినను, ఎండ తీవ్రముగా నున్నను ఈత సాగును.

నొప్పులు తెచ్చు సూదిమందును ఎవరికి వారు వేయరాదు. పిల్ల అడ్డుపడియుండగా ఆ మందు వేసినచో గర్భసంచి చిరుగవచ్చును. గోళ్లు తీయని, సబ్బుతో కడుగని చేతిని లోనికి పోనిచ్చుట అంతకంటె తక్కువ అపాయము కాదు.

కడపటి పిల్ల పుట్టిన పిదప నాలుగు గంటలలోపల మాయ పడవలెను. తల్లి దానిని తినివేయును గనుక కనిపెట్టి చూడవలెను. లోపల నిలిచిన మాయ క్రుళ్లి చీము పట్టును. జ్వరము వచ్చును, పాలు తగ్గును, పిల్లలు నీరసించును. తల్లి కోలుకొన్నట్లు కనబడినను గర్భసంచి లోపలి పొర చెడియుండును. పిల్లలను పాలు మాన్పించిన నాలుగు మొదలు ఏడు దినములలో పంది ఎదకు వచ్చును, దాటించెదరు, చూలు నిలువదు. ఇరువదియొక్క దినములకు మరల ఎదకు వచ్చును. ఐదు గంటలకు మించి ఈనిన పందులలో తరువాతి చూలు నిలుచుట తగ్గుచున్నదని ఫిన్లండు పరిశోధకులు 2013లో ప్రకటించిరి. మన పెంపకందారులు గడియారము చూచుట అలవరచుకొన్నచో ఎంత బాగుండును!

ఈనిన మూడు నాలుగు దినములు కొద్దిపాటి తెల్లని స్రావము కనబడుట సహజమే. దుర్వాసన గల చీము కనబడినచో చికిత్స చేయించవలెను. ఎదలో చీము కారుచున్న పందిని దాటించరాదు. మగపందికిని, దానినుండి తక్కినవాటికిని ఆ జాడ్యము అంటును. చికిత్స పిదప ఒక ఎదను విడిచి, బాగుగ మేపి, మరుసటి ఎదకు దాటించుట మేలు. అప్పటికిని చూలు నిలువనిచో, మగపంది యందు లోపము లేదని తెలిసిన పిమ్మట, అమ్ముట తప్పు కాదు. ఊరక మేపుట నష్టమే.

నిన్నటి పంది సంతకు పోలేదు. రేపు ఉదయము పశువైద్యుడు ఈ గ్రామమునకు వచ్చి దానిని పరీక్షించును. ఎద తిరుగుచున్న పందులు గలవారు వాటిని రచ్చబండ వద్దకు తోలుకొని రావలెను. క్రిందటి ఈత తేదీని, అది ఎన్ని గంటలు సాగినదో ఇంటివారిని అడిగి, జ్ఞాపకముంచుకొని రండు.