రెండు దేశాలను కలిపిన దారము



రెండు దేశాల స్నేహమంటే పెద్దల ఒప్పందాలేనని మనం అనుకొంటాము. మన గోదావరి తీరాన అది ఒక దారపుండతో మొదలైనది. 19వ శతాబ్దంలో స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీలు నర్సాపురం ప్రాంతపు బీద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఇక్కడ అల్లినది బ్రిటనులో అమ్ముడుపోయేది. అల్లేవారెవరో, కొనేవారెవరో మధ్యవారికి ఎరుకే.

తరువాత వర్తకులు వచ్చారు, ఎగుమతులు పెరిగినవి. ఆ ఎరుక మాత్రం తెగిపోయినది. 1982లో జర్మను పండితురాలు మరియా మీస్ ఈ స్త్రీలను గురించి ఒక గ్రంథం వెలువరించారు. రోజంతా వంగి అల్లినా చేతికి రూపాయి రావడం లేదనీ, పైగా దానిని ‘తీరిక వేళ పని’గా ఎంచుతున్నారనీ ఆమె చూపారు. తీరికట! పొలం పనీ, వంటా అయ్యాక దీపం దగ్గర కూర్చుండే మన తల్లులకు తీరిక ఎక్కడిది? పరదేశి వచ్చి చెప్పేవరకు మనం లెక్క అడగలేదు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. అయితే కూలి మాటేమిటి? విదేశాలలో స్థిరపడిన మన బిడ్డలు అక్కడి అంగళ్లలో ధర అడిగి మనకు వ్రాయగలరు. ఇక్కడ అల్లే అక్కచెల్లెండ్రు క్రిందటి నెల తమకు ముట్టినదెంతో వచ్చే ఆదివారం చెప్పండి. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వ్రాసికొందాము.