సాకెట్ ప్రోగ్రామ్ కంపైల్ అయితలేదా? ముందు ఇది చూడండి

నిజామాబాద్, బోధన్ సైడ్ బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగే డౌట్ ఇది. "అన్నా, పుస్తకంలో ఉన్నట్టే సాకెట్ ప్రోగ్రామ్ కొట్టిన, అన్నీ ఎర్రర్లే. ఈ సబ్జెక్ట్ నాతోని కాదేమో."

ఆగండి. మీ లాజిక్ కరెక్టే కావచ్చు. ముందు మొట్టమొదటి ఎర్రర్ చదవండి. కింద ఇరవై ఉన్నా, చాలావరకు దాని పిల్లలే.

"సిస్ స్లాష్ సాకెట్ డాట్ హెచ్" ఫైల్ లేదంటున్నదా? ఆ కోడ్ లినక్స్‌ది, మీ సిస్టమ్ విండోస్. అక్కడ "విన్‌సాక్2 డాట్ హెచ్" పెట్టాలి.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వస్తే అది కంపైలర్ గొడవ కాదు, లింకర్‌ది. బోధన్ భాషలో చెప్తా. హెడర్ అంటే చెరకు ఇస్తామని రాసిచ్చిన కాగితం. లైబ్రరీ అంటే చెరకు బండి. కాగితం చూసి కంపైలర్ ఒప్పుకుంటది. బండి రాకపోతే లింకర్ గానుగ తిరగదు. జీసీసీ కమాండ్‌లో మీ ఫైల్ పేరు తర్వాత, చివర్లో "మైనస్ ఎల్ డబ్ల్యూఎస్2 అండర్‌స్కోర్ 32" రాయండి. బండి వచ్చినట్టే.

కంపైల్ అయినాక 10093 ఎర్రరా? అన్నిటికన్నా ముందు "డబ్ల్యూఎస్ఏ స్టార్టప్" పిలవాలి.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌లో టెర్మక్స్ వేసి, అందులో క్లాంగ్ ఇన్‌స్టాల్ చేయండి. పుస్తకంలోని లినక్స్ హెడర్లు అక్కడ నడుస్తయి. ఒక సెషన్‌లో సర్వర్, ఇంకోదాంట్లో క్లయింట్, అడ్రస్ 127.0.0.1, పోర్ట్ 8080. 1983లో బర్క్‌లీ వాళ్ల 4.2బీఎస్‌డీతో వచ్చిన పద్ధతే ఇవాళ మీ జేబులో ఉంది.

ల్యాబ్ ఎగ్జామ్ దాకా ఆగకుండా ఈ రాత్రే ఒక "హలో" పంపి చూడండి. మళ్లీ కలుద్దాం!