ఎగువ కోడ్‌కూ మనమే పూచీ

 

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేసింది. జకు ఞ ఒత్తు, దాని వెనక కంటికి కనపడని విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో అక్షరం వస్తే చాలు, మెసేజ్ యాప్‌లు తెరవగానే మూసుకుపోయేవి. ఆ యాప్‌లు రాసినవాళ్ల తప్పేమీ లేదు. అక్షరాలను తెరమీద పేర్చే పనిని వాళ్లంతా ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ లైబ్రరీకి అప్పగించారు. లోపం అక్కడుంది. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాక గాని సర్దుకోలేదు.

ఇలా ఇతరులు రాయగా మనం వాడుకునే కోడ్‌నే ఎగువ కోడ్ అంటాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలకు ఎగువ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీరే మన శివారు పొలానికి చేరాలి. అలాగని రైతు చేతులు ముడుచుకు కూర్చోడు. కాలువలు కట్టేసిన వేసవిలో తన బోదె పూడిక తీసుకుంటాడు, నీరందకపోతే పైకి వెళ్లి అడుగుతాడు.

పట్టాలు అందుకుంటున్న మీరూ అలాగే ఉండాలని నా కోరిక. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడుతున్నారో చెప్పే లాక్ ఫైల్‌ను గిట్‌లో తప్పకుండా కమిట్ చేయండి. వెర్షన్ మార్పును వేరే కమిట్‌గా పెట్టి, ఎందుకు మార్చారో రాయండి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మరొకటి: లైబ్రరీని మన రిపోలోకి కాపీ చేసుకుని, లోపల నాలుగు లైన్లు దిద్ది, ఎక్కడా రాయకుండా వదిలేయడం. ఏడాది తర్వాత భద్రతా సవరణ వస్తుంది. పాతదాని మీద కొత్తది వేస్తే మన దిద్దుబాటు మాయమవుతుంది, వేయకపోతే కన్నం అలాగే ఉంటుంది. దిద్దినవాడు అప్పటికి వేరే కంపెనీలో ఉంటాడు. దిద్దుబాటును విడిగా ప్యాచ్‌గా దాచండి, అసలు ప్రాజెక్టుకూ పంపండి.

ఎగువన ఉండేది చాలాసార్లు జీతం లేని ఒక్క మనిషే. 2024లో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి పెట్టినవాడు అలాంటి అలసిన నిర్వాహకుడి నమ్మకాన్నే ముందు సంపాదించాడు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్విచూడబట్టి అది బయటపడింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో లాక్ ఫైల్ తెరవండి. అక్షరాలతో పనిచేసే లైబ్రరీ ఒకటి ఎంచుకుని, దానికి మన ఒత్తులూ గుణింతాలూ ఇచ్చి చూడండి. ఎక్కడ విరిగితే అక్కడ ఒక పరీక్ష రాసి, మీ పేరుతో ఎగువకు పంపండి.