పాత చాకా? కొత్త చాకా?



అటక మీది ట్రంకుపెట్టెలు దించి దులిపే రోజున చాలా ఇళ్ళల్లో ఓ పాత మడతచాకు బయటపడుతుంది. మామగారిదో, తాతగారిదో అయి ఉంటుంది. నల్లబడిన అలుగు, రంగు తిరిగిన పిడి. "తళతళలాడే కొత్తది బజార్లో దొరుకుతుంటే ఇదెందుకు?" అని పాతసామాన్లవాడి బుట్టలో వేసేస్తారు కొందరు. "ఎంతైనా పాతదే పాతది, ఇప్పటివన్నీ నాసిరకం" అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ తొందరపాటువే. చాకు మంచిచెడ్డలు చెప్పేది దాని వయసు కాదు. అలుగు, అంటే కోసే రేకు. దాన్ని వెనకనుంచి బిగించి పట్టే స్ప్రింగు, అంటే కమాను. ఆ రెంటినీ కలిపిన కూర్పు. చూడవలసినవి ఈ మూడే.

వెనకటి చాకుల్లో పేరుపడ్డవి ఇంగ్లండులోని షెఫీల్డు నగరానివి. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మూసలో ఉక్కు కరిగించే పద్ధతి అక్కడ ప్రవేశపెట్టాడు. మూస ఉక్కు మన తెలుగుదేశానికి అంతకుముందే తెలుసు లెండి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. షెఫీల్డులోని జోసెఫ్ రోజర్సు కంపెనీవారి నక్షత్రం, శిలువ గుర్తు 1764 నాటిది. ఆ గుర్తుకున్న గిరాకీ చూసి నకళ్ళు కూడా పుట్టుకొచ్చాయి. షెఫీల్డు పేరు దొంగగా వేసుకున్న పరదేశపు సరుకును అరికట్టాలని కూడా 1887లో బ్రిటిషు ప్రభుత్వం సరుకుల గుర్తులపై చట్టం చేసింది. కాబట్టి పాత చాకు మీద గొప్ప పేరు కనబడగానే మురిసిపోనక్కర్లేదు. ఆ రోజుల్లోనూ నకిలీ ఉంది.

ఇక అలుగు సంగతి. పాత చాకులకు వాడింది మామూలు ఉక్కు. నిమ్మకాయో, మామిడికాయో కోస్తే నల్లబడుతుంది. తడి ఉంచితే తుప్పు పడుతుంది. కాని ఇంట్లో సానరాయి మీద నాలుగుసార్లు నూరితే చాలు, చక్కగా పదునెక్కుతుంది. 1913లో అదే షెఫీల్డులో హారీ బ్రియర్లీ ఉక్కులో సుమారు 13 పాళ్ళు క్రోమియం కలిపి తుప్పుపట్టని ఉక్కు చేశాడు. మన స్టెయిన్‌లెస్ స్టీలు అన్నమాట. మంచిరకం స్టీలు అలుగు పదును బాగానే నిలుపుతుంది. చవకరకానికి మెరుపే గాని పదును నిలవదు. నాలుగు కాయలు కోసేసరికి మొద్దుబారుతుంది. అయస్కాంతం అంటుకుంటే అది స్టీలు కాదనుకుంటారు చాలామంది. గిన్నెల స్టీలు వేరు, కత్తుల స్టీలు వేరు. కత్తులకు వాడే స్టీలు చాలామటుకు అయస్కాంతానికి అంటుకుంటుంది.

పాతదైనా కొత్తదైనా చేతిలోకి తీసుకుని ఇలా పరీక్షించండి. చాకు తెరవండి. అలుగు చివరికంటా వచ్చి "టక్"మని నిలవాలి. మూసేటప్పుడూ కొంచెం ఎదురు తిరగాలి. జారుడుగా మూసుకుపోతే కమాను చచ్చిందన్నమాట. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే మామూలు మడతచాకుకు గొళ్ళెం ఉండదు, అలుగును నిలబెట్టేది కమాను ఒక్కటే. అది వదులైతే కాయ కోస్తూ కోస్తూ ఉండగా చాకు వేళ్ళమీద మూసుకుంటుంది. అలాంటిది తాతగారిదైనా సరే, పిల్లల చేతికి ఇవ్వకండి.

తరువాత అలుగును అటూ ఇటూ కదిపి చూడండి, ఊగకూడదు. మూసిన చాకును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టండి. కమానుకూ పక్కరేకులకూ మధ్య వెలుతురు కనబడకూడదు. అలుగు నడిమధ్యన కూర్చోవాలి, ఒక పక్కకు ఒరుసుకోకూడదు. పాత పనివాళ్ళు ఒక్కొక్క చాకునూ ఆకురాయితో అరగదీసి, మూసీ తెరిచీ చూసుకుంటూ కుదిర్చేవారు. ఆ కూర్పు నేటి చవక సరుకులో అరుదు. అయితే నేటి మంచి కంపెనీల యంత్రాలు పదో చాకునూ పదివేలో చాకునూ ఒకే కొలతకు తెస్తాయి. అది పాతవాటిలో కుదిరేది కాదు.

పాతదానిలో ఇంకొకటి కూడా చూడాలి. ఏళ్ళ తరబడి సానపట్టి అలుగు సన్నని పుల్లలా అరిగిపోయి ఉంటే అది పనికి రాదు, గుర్తుగా దాచుకోవడానికే. అంచున నీలిరంగు ఛాయ కనబడితే ఎవరో సానచక్రం మీద విపరీతంగా వేడెక్కించారన్నమాట. అక్కడ ఉక్కు మెత్తబడిపోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. మీరు సానకిచ్చినా నీళ్ళు చల్లుతూ నెమ్మదిగా పట్టమని చెప్పండి.

పిడి విషయం. వెనకటి పిడులు దంతం, ఎముక, కణితికొమ్ము. ఆ కొమ్ము మన దేశంనుంచే షెఫీల్డుకు వెళ్ళేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాతి సవరణల ప్రకారం ఇప్పుడు దంతం అమ్మడం, కొనడం నేరం. కొత్తవాటికి కొయ్య, ప్లాస్టిక్కు పిడులు వస్తున్నాయి. చూపుకు అంత అందం లేకపోవచ్చు గాని పనికి లోటేమీ లేదు.

పెట్టెలో దొరికిన చాకు ఈ పరీక్షలకు నిలిస్తే ఇలా బాగుచేసుకోండి. ఇసుకతో, పీచుతో తోమవద్దు. అలుగు మీది ఆ నల్లని పొర తుప్పు కాదు, తుప్పును కొంత ఆపేది. ఎర్రతుప్పు ఉంటే నూనెగుడ్డతో రుద్ది తీయండి. బందు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి నాలుగుసార్లు మూసి తెరిచి శుభ్రంగా తుడవండి. పళ్ళు కోశాక వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అలుగుకు కొబ్బరినూనె చెయ్యి రాయండి. దంతపు పిడి వేడినీళ్ళలో ముంచితే బీటలిస్తుంది. కొత్త స్టీలుచాకునైనా ఉప్పునీళ్ళలో రాత్రంతా వదలకండి, దానికీ మచ్చలు పడతాయి.

పాతసామాన్లవాడు చాకును తూకానికి తీసుకుంటాడు. అతని తక్కెడకు ఇనుము బరువే తెలుస్తుంది; కమాను బిగువు, అలుగు పదును తెలియవు. అవి చూడవలసింది మనమే. బుట్టలో పడేసేముందు ఒక్కసారి తెరిచి, ఆ "టక్" వినండి. వినబడితే దాన్ని వంటింటి గూట్లో పెట్టుకోండి. వినబడకపోతే బెంగపడకుండా ఓ మంచి కొత్తది కొనుక్కోండి. అయితే కొనేటప్పుడు మెరుపు చూసి కాదు, ఆ "టక్" విని కొనండి.