నీటికి దారి, ఇంటికి ఎత్తు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతుళ్ళం గనుక మమ్మల్ని మాట్లాడమంటే పిల్లల చదువు గురించే చెబుతామని మీరనుకోవడం సహజం. ఈసారి ఇంటి గురించి మనవి చేసుకోదలిచాము. సంఘానికి సాయం కోరి వచ్చే దరఖాస్తుల్లో ఇంటి సంగతి తరచు కనబడుతున్నది. రెండు సెంట్లో మూడు సెంట్లో కొన్నాము, గోడలు లేచాయి, కప్పుకు సాయం చెయ్యండి అంటారు. స్థలం ఎక్కడ బాబూ అని అడిగితే, మురుగు కాలువ గట్టు పక్కనని ఒకరు, పూడ్చిన చేపల చెరువులోనని ఒకరు చెబుతారు. అక్కడ చవకగా వచ్చిందంటారు. ఎందుకు చవకగా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

మన బంటుమిల్లి ఎటువంటి చోట ఉన్నదో ఒక్కసారి ఆలోచించండి. ఉత్తరాన కొల్లేరు, తూర్పున ఉప్పుటేరు, దక్షిణాన సముద్రం. నేల అరచెయ్యిలాగా చదును. వాన కురిస్తే నీరు పరుగెత్తదు, నడుస్తుంది. సముద్రం పోటు మీద ఉంటే ఆ నడకా ఆగిపోతుంది. డ్రెయిన్లలోని నీరు పాటు వచ్చేదాకా వెనక్కి తన్ని చేలమీదికీ, పేటల్లోకీ ఎక్కుతుంది. అందులో గుర్రపుడెక్క పేరుకుపోయి, గట్టుమీద గోడలు లేస్తే ఇంక చెప్పేదేమున్నది?

ఈ సీమకు నీటి దెబ్బ కొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీ తుఫానులో బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల ప్రాణాలు తీసిందని ప్రభుత్వ లెక్క. జనం నోట వినబడే లెక్క ఇంకా ఎక్కువ. ఇక 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. అదే రోజుల్లో బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. అది సముద్రపు ఉప్పెన కాదు. ఏరు పారే చోట జనం కాపురాలు పెట్టుకున్నందున వచ్చిన కష్టం అందులో చాలా ఉన్నది. ఆ బుడమేరు నీరు చేరేది కొల్లేటికి. కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. అంటే అక్కడి నీటికీ మనకూ చుట్టరికం ఉన్నది.

మరి చట్టం ఏమంటున్నది? 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు కొలతలు పెట్టి చెప్పాయి. నది హద్దు నుంచి పట్టణంలోనైతే 50 మీటర్లు, పట్టణం వెలుపలనైతే 100 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు. కాలువ, వాగు, మురుగు డ్రెయిన్ 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, అంటే సుమారు 30 అడుగులు; అంతకు తక్కువ వెడల్పైతే 2 మీటర్లు. ఏటి గర్భంలో, చెరువు నిండు నీటిమట్టం లోపల అసలు కట్టరాదు. సముద్రపు పోటు నీరు వచ్చే ఏళ్ళకు వేరే కట్టడి ఉన్నది. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారం ఏటి ఒడ్డున 50 మీటర్లు, లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అంత మేర ఆ కట్టడి కిందికి వస్తుంది. ఉప్పుటేటి వైపు, కృత్తివెన్ను వైపు బంధువులున్నవారు ఈ మాట వారి చెవిన వెయ్యండి.

ఇక్కడ ఒక కిటుకు గమనించాలి. కొలత మొదలు పెట్టేది హద్దు నుంచి, ఎండాకాలంలో కంటికి కనబడే నీటి అంచు నుంచి కాదు. పూడుకుపోయిన డ్రెయిన్ సన్నగా కనబడుతుంది. గ్రామ పటంలో దాని వెడల్పు దానికే ఉంటుంది. అమ్మేవాడు చూపించేది గట్టు, మనం చూడవలసింది పటం.

"ఇల్లులేని బీదవాడికి ఈ అడుగులూ మీటర్లూ చెబుతారేమిటి పంతులుగారూ?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బున్నవాడు ఎత్తు మీద కొంటాడు, లేదా లారీలతో మట్టి తోలించి మెరక చేసుకుంటాడు. లేనివాడికి మిగిలేది పల్లం. కాని వరదొచ్చినప్పుడు ముందు మునిగేది ఆ బీదవాడి ఇల్లే కదా! ఏళ్ళ తరబడి కూడబెట్టినది ఒక్క రాత్రిలో తడిసి ముద్దవుతుంది. నియమం విరుద్ధంగా కట్టిన ఇంటికి కాగితం బలమూ ఉండదు. అటువంటి వారికి చెప్పకుండా ఊరుకోవడం దయ కాదు.

ఇందులో దీన్‌కు సంబంధించిన మాట కూడా ఉన్నది. నమాజు, రోజా అల్లాహ్‌కు మనం తీర్చే హక్కులు. హుకూకుల్ ఇబాద్, అంటే తోటి మనుషుల హక్కులు, వేరే ఉన్నాయి. పొరుగువాడి హక్కు అందులో పెద్దది. మనం స్థలమంతా మెరక తోలి, తూము మూసి, గోడ పెడితే మన వాననీరు ఎక్కడికి పోతుంది? పక్కింటి వంటగదిలోకి పోతుంది. ఆ పక్కిల్లు ముస్లిముదైనా, హిందువుదైనా, క్రైస్తవుడిదైనా హక్కు హక్కే. మస్జిదులో వుజూ చేసిన నీటికి సైతం పోయే దారి చూపించవలసిన బాధ్యత మనదే.

కనుక కట్టేవారికి మా సలహా ఇది. స్థలాన్నంతా ఎత్తు చెయ్యవద్దు. ఇంటి బేస్‌మెంటు ఎత్తు చెయ్యండి, వాకిలి పల్లంగా ఉండనివ్వండి. ఎంత ఎత్తు? ఆ వీధి పెద్దలనడగండి, నీరు ఎన్నడు ఎంతదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు పైన ఉండాలి. ఉప్పెన తరువాత తీరంలో కట్టిన తుఫాను షెల్టర్లు స్తంభాల మీద ఎందుకు నిలబెట్టారు? నీరు కిందుగా పోవడానికే. 1975లోనే కేంద్రం వరద మైదానాల మీద ఒక నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. ఆస్పత్రులు, కరెంటు కేంద్రాలవంటివి అన్నిటికన్నా ఎత్తున ఉండాలనీ, నీరెక్కే పల్లాలను పార్కులకు, ఆటస్థలాలకు వదలాలనీ అందులోని ఆలోచన. మణిపూర్ వంటి కొద్ది రాష్ట్రాలే దాన్ని చట్టం చేసుకున్నాయి. చట్టం వచ్చేదాకా మన ఊరిమట్టుకు మనం ఆ బుద్ధితో నడవడానికి అడ్డేమిటి?

సంఘ సభ్యుల ముందు మూడు మనవులు ఉంచుతున్నాము. ఒకటి, ఇంటికి సాయం కోరే దరఖాస్తుతోపాటు పంచాయతీ అనుమతి, గ్రామ పటంలో స్థలం ఉన్న చోటు చూపించే నకలు జతచెయ్యమందాం. కాగితాలు తెచ్చుకోవడం చేతకానివారి వెంట చదువుకున్న కుర్రవాళ్ళను పంపుదాం. రెండు, సాయం కప్పుకు కాకుండా బేస్‌మెంటుకు ముందు ఇద్దాం. పునాది పల్లంలో ఉన్నాక కప్పు ఎంత గట్టిదైతే ఏం లాభం? మూడు, కాలువ గట్టున ఇప్పటికే కాపురమున్న కుటుంబాల జాబితా రాసి, ఎత్తైన చోట స్థలాలిమ్మని అధికారులకు అర్జీ పెడదాం. ఆ జాబితాలో మనవాళ్ళ పేర్లే కాదు, ఆ గట్టునున్న అందరి పేర్లూ ఉండాలి. వాళ్ళను లేచిపొమ్మనడానికి ముందు, పోవడానికి చోటు చూపించాలి కదా.

నూహ్ అలైహిస్సలాం వాన పడక ముందే ఓడ కట్టారు. ఆ సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఈ మూడు మనవులనూ ఈ సమావేశంలోనే చర్చించి, వచ్చే వర్షాకాలంలోపల తీర్మానం చెయ్యవలసిందని కార్యవర్గాన్ని కోరుతున్నాము. అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.