దూతధర్మము – అరచేతిలోని యంత్రము



ఈ సుందరకాండ ప్రవచనము ఆరంభమైనది మొదలు ప్రతిదినము కొందరు వేదిక యొద్దకు వచ్చి, అరచేతిలోని ఫోనును మాకు చూపి, "శాస్త్రిగారూ, ఇది నిజమేనా?" అని అడుగుచున్నారు. ఒకరిదానిలో గ్రహణమును గూర్చిన హెచ్చరిక. మరియొకరిదానిలో, ఈ శ్లోకమును పదకొండుగురికి పంపినచో శుభము, పంపనిచో కీడు అను బెదిరింపు. ఇంకొకరిదానిలో మన సంస్కృతభాషను గూర్చిన ప్రశంస. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె అందరికిని కలిపి చెప్పుట మేలని ధర్మకర్తలు కోరినందున నేడు కథను కొంత ఆపి ఈ విషయమును విచారింతము. నిజమునకు ఇది కథకు వెలుపలి విషయము కాదు. సుందరకాండ అంతయు ఒక వార్తను మోసికొనిపోయి, మరియొక వార్తను మోసికొనివచ్చిన మహనీయుని చరిత్రమే కదా!

శింశుపావృక్షముపై కూర్చున్న హనుమ సీతమ్మను చూచినంతనే క్రిందికి దుమికి మాటలాడలేదు. ఎట్లు మాటలాడవలెనని చాలసేపు ఆలోచించెను. ద్విజునివలె సంస్కృతము పలికినచో ఈ తల్లి నన్ను రావణుడని తలచి భయపడునేమో అని శంకించి, మానుషమగు వాక్కుతో, మధురముగా రామకథను మొదలుపెట్టెను. అప్పటికిని ఆమె నమ్మలేదు. ఏల నమ్మవలెను? సన్న్యాసివేషమున వచ్చినవానిని ఒకమారు నమ్మినందుననే కదా లంక చేరినది! ఇతడును మాయావియేమో అని సంశయించి, రాముని గుర్తులు చెప్పుమని అడిగినది. "ఇంత సముద్రము దాటి వచ్చిన నన్నే శంకింతువా?" అని హనుమ కోపగించుకొనలేదు. రామలక్ష్మణుల రూపమును, అవయవలక్షణములను, స్వరమును వర్ణించి, అటుపిమ్మట రామనామాంకితమగు ఉంగరమును ఆమె చేతికిచ్చెను. మనము పంపిన వార్తకు ఎవరైన ఆధారమడిగినచో ఎంత నొచ్చుకొందుమో ఒక్కమారు తలచుకొనుడు.

తిరుగుప్రయాణమున సీతమ్మ చూడామణిని ఇచ్చినది. అది చాలదని, చిత్రకూటమున జరిగిన కాకాసుర వృత్తాంతమును కూడ గుర్తుగా చెప్పి పంపినది. అది ఆ దంపతులకు మాత్రమే తెలిసిన ముచ్చట. ఉంగరమును దొంగిలింపవచ్చును, మణిని దొంగిలింపవచ్చును. ఇద్దరి మనస్సులలోని గుర్తును దొంగిలించుట ఎట్లు? బ్యాంకులవారు ఫోనుకు పంపు రహస్యసంఖ్యయు ఇట్టి గుర్తే. దానిని అడిగినవానికి అడిగినట్లు చెప్పివేసినందుననే కదా ఎందరో వృద్ధులు దాచుకొన్న ధనమును పోగొట్టుకొనుచున్నారు!

ఇంకొక సూక్ష్మము కలదు. హనుమ మహేంద్రగిరికి మరలివచ్చినప్పుడు జాంబవంతుడు జరిగినదంతయు చెప్పుమనుచునే, రాముని ఎదుట చెప్పవలసినదేది, దాచవలసినదేది అని ముందుగా నిశ్చయించుకొందమనెను. సత్యమైనంతమాత్రమున ప్రతిమాటయు అందరి ఎదుట పెట్టదగినది కాదు. ఆసుపత్రిలో మంచముపైనున్న పెద్దవారి చిత్రమును, వారి అనుమతి లేకయే, రెండువందలమంది చూచు బృందములో పెట్టువారు ఈ జాంబవంతుని మాటను వినవలెను.

ఇక భారతమునకు పోవుదము. యుద్ధము పదునైదవ దినమున భీముడు అశ్వత్థామయను ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చెనని కేకవేసెను. ద్రోణుడు నమ్మలేదు. విచారించి చూడవలెనని, జీవితమున అసత్యమాడని ధర్మరాజును అడిగెను. అనగా ఆచార్యుడు చేయవలసిన పనియే చేసెను. కాని ఆ ధర్మరాజు సగము మాటను గట్టిగాను, ఏనుగను మాటను వినబడకుండగను పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన ఆయన రథము నేలకు దిగినది. భీముని కేక చేయలేని పనిని ధర్మరాజు మెల్లని మాట చేసినది. మీ ఇంటి బృందములో మీ కోడలు, మీ మనుమడు ఒక వార్తను నమ్ముచున్నారనగా, ఆ వార్తను వ్రాసినవానిని చూచి నమ్ముటలేదు. వానిని వారెరుగరు. పంపినది మీరు గనుక నమ్ముచున్నారు. అక్కడ ఖర్చగుచున్నది మీ పరువు.

ఇది మాటవరుసకు చెప్పుచున్నది కాదు. 2018వ సంవత్సరమున దేశమంతట పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో వార్తలు ప్రాకినవి. ఆ ఏడు జూలై 1వ తేదీన మహారాష్ట్రమున ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, సంత జరుగు ఆదివారమునాడు, ఐదుగురు మనుష్యులను జనులు గుమిగూడి కొట్టి చంపిరి. చచ్చినవారెవరు? సోలాపూరు ప్రాంతమునుండి వచ్చిన సంచారజాతి గోసావులు, భిక్షాటనచే జీవించు బీదలు. మా బాల్యమున మేమును పాఠశాలలో చదువుకొనుచు ఇంటింట మాధుకరము చేసినవారమే. ఎరుగని వీధిలో, ఎరుగని గుమ్మము ముందు, భుజమున జోలెతో నిలిచినవారమే. నాటి తల్లులు పిలిచి పట్టెడన్నము పెట్టిరి. నేడు ఆ గుమ్మములోని వారి చేతిలో అట్టి వార్త ఉన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. దానిని పంపినవారిలో పెక్కురు దుర్మార్గులని మేము తలంపము. పిల్లలపై ప్రేమచేత, మంచి చేయుచున్నామనుకొని పంపియుందురు. అదియే భయంకరము.

ఆ దినములలో తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లా పోలీసువారు గ్రామగ్రామమునకు పోయి, పాటల ద్వారమున, ఇట్టి వార్తలను నమ్మవలదని జనులకు బోధించిరి. పల్లెకు పాటతో పోవుట ఎంత మంచి ఆలోచన! వాట్సాప్ సంస్థవారును 2018 జూలైలో మన దేశమున ఒక సందేశమును ఒక్కమారుగా ఐదుచోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి. 2020 ఏప్రిల్‌లో, అనేక చేతులు మారివచ్చిన సందేశమును ఒక్కమారున ఒక్కచోటికే పంపవలెనని దానిని మరింత బిగించిరి. రెండు బాణపుగుర్తులు కనబడినచో అది అట్లు చేతులు మారివచ్చినదని ఎరుగుడు. అయినను యంత్రమునకు వేసిన కళ్లెము మనస్సునకు చాలదు సుమా!

ఈ వేగమంతయు ఇంటర్నెట్టు తెచ్చినదని కొందరందురు. మాకట్లు తోచదు. మన దేశమున సామాన్యజనులకు ఆ సౌకర్యము 1995 ఆగస్టు 15న మొదలైనది. అది ఇంకను కొద్ది ఇండ్లలోనే ఉన్న ఆ సెప్టెంబరు 21వ తేదీ గురువారమునాడు వినాయకుడు పాలు త్రాగుచున్నాడను వార్త తెల్లవారకముందే ఢిల్లీలో బయలుదేరి, ఆ దినమే దేశమంతయు వ్యాపించి లండన్ వరకు పోయినది. శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపగా, అవి పలుచని పొరగా విగ్రహము మీదుగా జారుట కనబడినది. స్వామిపై భక్తికి ఇందులో వచ్చిన లోటేమియు లేదు. ఒక్కదినము పాలు త్రాగెనా లేదా అనుదానిపై నిలుచు భక్తి ఎన్నాళ్లుండును? ఇక పదకొండుగురికి పంపుమను బెదిరింపులు మా చిన్ననాడు పోస్టుకార్డులపై వచ్చెడివి. వానిని చెరిపివేయుడు, అంతే.

సంస్కృతప్రశంస సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. అమెరికాలోని నాసా సంస్థ కంప్యూటర్లకు సంస్కృతమే ఉత్తమభాషయని నిర్ణయించి వాడుచున్నదను వార్త ఎన్ని ఏండ్లనుండియో తిరుగుచున్నది. అసలు జరిగినదేమనగా, 1985లో ఆ సంస్థకు చెందిన ఏమ్స్ కేంద్రములో పనిచేసిన రిక్ బ్రిగ్స్ అను పండితుడు ఏఐ మ్యాగజైన్ అను పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. మన వైయాకరణులు క్రియను, కారకములను విడదీసి వాక్యార్థమును నిష్కర్షగా చెప్పు పద్ధతికిని, యంత్రములకు అర్థమును తెలుపుటకై నేటివారు కల్పించిన పద్ధతికిని పోలిక కలదని ఆయన చూపెను. ఆ సంస్థ ఏ నిర్ణయమును చేయలేదు. మేము పాణినీయమునకు జీవితమును ధారపోసినవారము. ఆ శాస్త్రమునకు ఎరువు తెచ్చిన కిరీటము పెట్టినచో మాకు సంతోషము లేదు, సిగ్గు కలుగుచున్నది. వ్యాసములోని నిజమే ఎంతో గొప్పది. నాగేశభట్టు పేరు అందులో ఉన్నది. దానిని చెప్పుకొనవచ్చును కదా!

గ్రహణపు హెచ్చరికకు వత్తము. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. మనకు అప్పుడు అర్ధరాత్రి, కనబడలేదు. కనబడని గ్రహణమునకు పట్టు విడుపు స్నానములు లేవు. కాబట్టి "మనకు గ్రహణనియమములు లేవు" అను మాట ఇక్కడ సత్యము. దానినే డల్లాస్‌లోని కుమారునికి పంపినచో అసత్యమైనది. అచ్చట మిట్టమధ్యాహ్నము దాటిన వేళ సూర్యుడు పూర్తిగా మరుగుపడినాడు! తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటే, గడియారములు వేరు, సూర్యోదయము వేరు. అందుచే విజయవాడ పంచాంగములోని ఘడియలను సముద్రము దాటించుట తగదు. ఆ ఊరికి గణించిన పంచాంగమునే చూచుకొమ్మని మీ పిల్లలకు చెప్పుడు.

వేదమును వేల యేండ్లు మోసిన మన పెద్దలు పంపుటకంటె సరిచూచుటకు ఎక్కువ శ్రమపడిరి. సంహిత వచ్చిన పిమ్మట పదము, పదము వచ్చిన పిమ్మట క్రమము. ఆపైన జటలో రెండేసి పదములను, ఘనలో మూడేసి పదములను ముందుకు, వెనుకకు, మరల ముందుకు త్రిప్పి చెప్పుదురు. ఒక పదము జారినచో వెంటనే దొరికిపోవును. తైత్తిరీయులు ఏబది పదములకొక పనసగా లెక్కించి, అనువాకము చివర ఆ గుర్తుపదములను, మిగిలిన పదముల లెక్కను కూడ వల్లెవేయుదురు. స్వరము తప్పినచో ఏమగునో త్వష్ట కథ చెప్పుచున్నది. ఇంద్రుని చంపు కొడుకును కోరి, స్వరము తప్పి పలికి, ఇంద్రునిచే చచ్చు కొడుకును పొందెను. ఈ వేదపఠనసంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. ఇది నిజమైన వార్తయే, నిస్సంకోచముగా పంపుకొనుడు.

ఫోనులో వేదము నేర్పవచ్చునా అని విదేశములనుండి వచ్చిన తల్లిదండ్రులు అడిగిరి. 2020లో పాఠశాలలు మూతపడి విద్యార్థులు ఇండ్లకు పోయినప్పుడు మేమును అట్లు చెప్పితిమి. ధ్వని పోయి వచ్చుటకు కొంత ఆలస్యమగును గనుక గురుశిష్యులు కలిసి పలుకుటకు వీలుపడదు. గురువు ఒకమారు చెప్పి ఊరకుండవలెను, శిష్యుడు రెండుమార్లు అనవలెను. సంత చెప్పు పద్ధతియు అదియే గనుక ఆ యంత్రము అంతవరకు చక్కగా ఉపకరించినది. నేర్చినది మరువకుండ నిలుపుకొనుటకు సందేహము లేక పనికివచ్చును. కాని ఉదాత్తానుదాత్తములలో ఏ పిల్లవాడు ఎక్కడ జారెనో ఎదుట కూర్చున్నప్పుడు వినబడినట్లు అందులో వినబడలేదు. వారు తిరిగివచ్చిన పిమ్మట ఆ పనసలనన్నిటిని మరల మొదటినుండి, ఒక్కొక్కనిచేత, మా ఎదుట చెప్పించితిమి.