రాకూన్లు పెరిగాయి, గూళ్లు తగ్గాయి

అమెరికా పల్లెల్లో చలికాలం వస్తే బొచ్చుతోలు కోసం రాకూన్ అనే జంతువులకు ఉచ్చులు పెట్టేవారు. 1980ల చివర్లో తోలు ధర కుప్పకూలింది. ఉచ్చులు తగ్గాయి, మొక్కజొన్న చేల పుణ్యాన రాకూన్లు పెరిగాయి. అవి చీకట్లో గడ్డిని ముంగాళ్లతో తడుముతూ, నేలమీది కౌజు, అడవి టర్కీ గూళ్లలో గుడ్లు తిని పెంకులే మిగులుస్తాయి.

నేలమీద గూడు కట్టే పక్షులు తగ్గడానికి అసలు కారణం గడ్డిభూములను దున్నేయడమే కదా అంటారు. నిజమే. కానీ మిగిలిన కాస్త గడ్డిలోనే గూళ్లన్నీ చేరితే, గుడ్లు తినే జంతువుకు వెతుకులాట తేలికవుతుంది. నార్త్ డకోటాలో గూళ్ల కాలంలో అలాంటి జంతువులను పట్టేసిన చోట్ల బాతుగూళ్లు ఎక్కువ నిలిచాయి. పట్టడం ఆపితే పక్క పొలాల నుంచి మళ్లీ వస్తాయన్నదీ వాస్తవమే. అందుకే ముందు గడ్డిని కాపాడాలి. ఉచ్చులు గూళ్లు పెట్టే నెలల్లో, అవసరమైన చోటే పెట్టాలి.